ఆ అరవై రూపాయలూ తిండికే కాదు

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, "రోజుకు యాభై రూపాయలతో వారం రోజులు" అంటూ ఎవరో ఒకరి వీడియో కనిపిస్తోంది. వ్యూస్ కోసం చేసేవాళ్ల సంగతి వదిలేస్తాను. కానీ ప్రపంచంలో పేదరికం ఎలా ఉందో నలుగురికీ తెలియాలని మనస్ఫూర్తిగా చేస్తున్నవాళ్లూ ఉన్నారు. కాలేజీ పిల్లలు, ఐటీ ఉద్యోగులు, అమెరికాలో ఉన్న మనవాళ్లు. వాళ్ల మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. నా బాధంతా వాళ్లు వేసే లెక్క గురించే. ఆ యాభై రూపాయలూ తిండికే పెడుతున్నారు. పేదింటి యాభైలో తిండికి మిగిలేది ఎంత అని ఒక్కరూ అడగడం లేదు.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. గ్లోబల్ పావర్టీ ప్రాజెక్ట్ అనే సంస్థ 2010లో ఆస్ట్రేలియాలో "లివ్ బిలో ది లైన్" పేరుతో ఇలాంటి కార్యక్రమమే మొదలుపెట్టింది. ఐదు రోజులపాటు తిండికీ, తాగడానికీ కలిపి ఆస్ట్రేలియాలో రోజుకు రెండు డాలర్లు, బ్రిటన్‌లో ఒక పౌండు, అమెరికాలో ఒకటిన్నర డాలరు మించి ఖర్చు పెట్టకూడదు. వేలమంది చేశారు. 2013లో హాలీవుడ్ నటుడు బెన్ ఆఫ్లెక్ కూడా చేశాడు. విరాళాలు పోగయ్యాయి, సేవాసంస్థలకు వెళ్లాయి. మంచిదే. కానీ వాళ్లు ఆధారంగా తీసుకున్న ప్రపంచ బ్యాంకు పేదరికపు గీత (అంతకన్నా తక్కువతో బతికేవాళ్లు కడు పేదలని లెక్క), అప్పట్లో మనిషికి రోజుకు 1.25 డాలర్లు, కేవలం తిండి ఖర్చు కాదు. ఇంటి అద్దె, బట్టలు, మందులు, బస్సు ఛార్జీ, పిల్లల పుస్తకాలు, సబ్బు, అగ్గిపెట్టె అన్నీ అందులోనే.

2025 జూన్‌లో ఆ గీతను మూడు డాలర్లకు మార్చారు. మన బ్యాంకుల్లో డాలరు ధర చూసి "రెండు వందల యాభై పైమాటే కదా, హాయిగా బతకొచ్చు" అనుకోకండి. అమెరికాలో మూడు డాలర్లకు ఎంత సరుకు వస్తుందో అంత సరుకు ఇక్కడ ఎంతకు వస్తుందన్నది ఆ లెక్క. మన రూపాయల్లో చూస్తే అరవై చుట్టుపక్కల తేలుతుంది. మనిషికి రోజుకు అరవై, అన్నిటికీ కలిపి.

మన దేశంలో ఈ గొడవ 2011 సెప్టెంబరులో పెద్దదైంది. పట్టణాల్లో రోజుకు 32 రూపాయలు, పల్లెల్లో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేదలు కారని ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. దేశమంతా భగ్గుమంది. ఆ డబ్బుతో బతికి చూపించమని ఆహార హక్కు ఉద్యమకారులు ప్రణాళికా సంఘం సభ్యులకు సవాలు విసిరారు. అదే ఏడాది, అమెరికాలో చదువుకుని తిరిగొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు నిజంగానే ఆ పని చేశారు. మొదట బెంగళూరులో రోజుకు వంద రూపాయలతో బతికారు. తర్వాత కేరళలోని ఒక పల్లెకు వెళ్లి 26 రూపాయలతో బతికారు. నాకు వాళ్ల మీద గౌరవం ఎందుకంటే, వాళ్లు ఆ 26 మొత్తం తిండికి పెట్టలేదు. మిగతా అవసరాలు పోగా తిండికి మిగిలింది 18 రూపాయలు. ఉప్పుడు బియ్యం, దుంప, అరటిపండు, పాలు లేని టీ. పొద్దున లేచింది మొదలు తిండి ధ్యాసే. బట్టలుతికే సబ్బు దగ్గర కూడా పొదుపు. ఎంత దూరమైనా నడకే. జ్వరం వస్తే ఏం చేయాలో వాళ్ల దగ్గర జవాబు లేదు.

మూడేళ్ల తర్వాత, 2014లో, పేదరికాన్ని లెక్కగట్టడానికి ప్రణాళికా సంఘం వేసిన రంగరాజన్ కమిటీ ఆ గీతను కొంచెం పెంచింది. పల్లెల్లో మనిషికి నెలకు 972 రూపాయలు, పట్టణాల్లో 1407. పల్లె లెక్కలో తిండికి కేటాయించింది నెలకు 554 రూపాయలు. రోజుకు పద్దెనిమిదిన్నర. ఆ ఇద్దరు కుర్రాళ్లు బతికి చూసిన అంకె, కమిటీ కూర్చుని వేసిన అంకె దాదాపు ఒకటే! ఇంత ముఖ్యమైన విషయం ఏ చర్చలోనూ నిలబడలేదు. ఎందుకంటే 2013లోనే చర్చ మొత్తం ప్లేటు భోజనం ధర మీదికి మళ్లిపోయింది. ముంబైలో 12 రూపాయలకు కడుపునిండా తినొచ్చని నటుడు, కాంగ్రెస్ నేత రాజ్ బబ్బర్ అన్నారు, తర్వాత విచారం వ్యక్తం చేశారు. టీవీ వాళ్లు హోటళ్ల చుట్టూ తిరిగారు. అద్దె గురించి, ఆసుపత్రి గురించి, అప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే అక్కను ఒకసారి అడిగాను, డబ్బు సరిపోని నెలలో ఏం తగ్గిస్తావని. "కిరాయి ఆగుతదా మేడం? కిస్తీ ఆగుతదా? గ్రూపోళ్లు ఇంటి ముంగట కూసుంటరు. కడుపొక్కటే ఆగుతది" అంది. కోపంగా కూడా అనలేదు, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది.

చాలెంజ్ వీడియోల్లో కనపడనిది ఇదే. ఓనరుకు అద్దె ఒకటో తారీఖుకు ఇవ్వాలి. మైక్రోఫైనాన్స్ వాయిదా వారం వారం కట్టాలి. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందంటే ఆ వసూళ్లు ఎంత దూరం వెళ్లాయో గుర్తు చేసుకోండి. గ్యాస్ సిలిండర్ కొనక తప్పదు. ఇవేవీ బేరమాడితే తగ్గేవి కావు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఖర్చు పెరగడం మాత్రమే కాదు, ఆ రోజు కూలి కూడా పోతుంది. అడ్డా మీద నిలబడే కూలీకి నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో ముందే తెలియదు. మన చాలెంజ్‌లో మాత్రం ప్రతి పొద్దునా యాభై రూపాయలు తప్పకుండా చేతిలో ఉంటాయి. ఆ భరోసా ఉంటే ఆ అక్క టెన్షన్ సగం తీరిపోయేది.

అన్నం మాత్రం ఎలాగో దొరుకుతోంది, ఆ మాట ఒప్పుకోవాలి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పటి నుంచి మన రెండు రాష్ట్రాల్లో బియ్యం గురించి భయం బాగా తగ్గింది. ఇప్పుడు రేషన్ బియ్యం ఉచితం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజనం. ఇవి వేరే ఊరి నుంచి కూలికొచ్చినవాడి ప్రాణం నిలబెడుతున్నాయి. వీటిని ఎవరైనా "ఉచితాలు" అని ఈసడిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కానీ చేతిలో డబ్బు తగ్గిందంటే బియ్యం చుట్టూ ఉండాల్సినవన్నీ ఒక్కొక్కటిగా జారిపోతాయి. ముందు పాలు. తర్వాత గుడ్డు, కూరగాయలు. తర్వాత కందిపప్పు. పప్పు స్థానంలో నీళ్ల చారు వస్తుంది, అదీ లేనినాడు పచ్చిపులుసు, కారం మెతుకులు. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి పట్టేది ఉండదు. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తల్లి తింటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రలో 58.8 శాతం. బియ్యం పండించి దేశానికి పెడుతున్న రాష్ట్రాల్లో! ప్రపంచం మొత్తం మీద 2024లో సరైన పోషకాహారం కొనుక్కోలేనివాళ్లు సుమారు 260 కోట్ల మందని ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక చెబుతోంది. వాళ్లలో చాలామంది ఏదో ఒకటి తింటూనే ఉన్నారు. అందుకే మన కంటికి ఆనరు.

అందుకని చాలెంజ్ చేయాలనుకునేవాళ్లను నేను వద్దనను. చేయండి. కానీ అరవై రూపాయల్లోంచి ముందు మీ అద్దెలో మీ వాటా తీసేయండి. గ్యాస్, కరెంటు, ఫోన్ రీచార్జ్, ఆఫీసుకు వెళ్లే ఛార్జీ తీసేయండి. నెలలో ఒక్కసారి డాక్టర్ ఫీజు వేసుకోండి. తర్వాత మిగిలితే, ఆ డబ్బు పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లండి. ఏమీ మిగలకపోతే వీడియోలో ఆ మాటే చెప్పండి. తక్కువ ఖర్చుతో రుచిగా వండుకోవడం ఎలాగో దయచేసి నేర్పించకండి. పొదుపుగా వండటం పేదింటివాళ్లకు మనం నేర్పాల్సిన విద్య కాదు.

విరాళం ఇచ్చాక కూడా ఒక పని మిగిలి ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో "అమ్మ హస్తం" అని 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. కందిపప్పు, పామాయిల్, చింతపండు, కారం, పసుపు అన్నీ ఉన్న సంచి. నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి. వాటిని సరిదిద్దాల్సింది పోయి, తర్వాత ఆ పథకాన్నే పక్కన పెట్టేశారు. మీ వీడియోను లక్షమంది చూస్తుంటే, చివరి నిమిషంలో రేషన్‌లో మనిషికి నెలకు కిలో పప్పు ఇవ్వమని అడగండి. మీ ఎమ్మెల్యేను ట్యాగ్ చేసి అడగండి. బడిలో పిల్లల గుడ్డుకు ఇచ్చే డబ్బు బజారు ధరకు సరిపోతోందా, వంట చేసే అమ్మలకు బిల్లులు నెలనెలా అందుతున్నాయా అని మీ ఊరి బడికి వెళ్లి కనుక్కుని, ఆ వివరాలు అందరికీ కనిపించేలా పోస్ట్ చేయండి.