ఆఫర్ లెటర్‌లో ఆఖరి పేజీలు

బీటెక్ అయిన పిల్లాడికి ఆఫర్ వచ్చిందనగానే చుట్టాలందరూ అడిగేది ఒక్కటే: ప్యాకేజీ ఎంత? మొదటి ఉద్యోగం నిలబెడుతుందా, ఇరికిస్తుందా అన్నది మాత్రం ఆ లెటర్‌లో ఎవరూ చదవని ఆఖరి పేజీల్లో ఉంటుంది.

ముందు ప్యాకేజీ సంగతే చూద్దాం. 3.60 లక్షల సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు, అనగానే నెలకు 30 వేలని లెక్కేసుకుని గచ్చిబౌలిలో హాస్టల్ మాట్లాడేసుకుంటారు. నెలకు బేసిక్ 15 వేలు, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 10 శాతం అనుకోండి. ఏడాదికి వేరియబుల్ 36,000, కంపెనీ వాటా పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం లెక్కన సుమారు 8,650, ఇన్సూరెన్స్‌కు ఓ 6,000 అందులోనే కలిపేస్తారు. మిగిలినదాంట్లో మన వాటా పీఎఫ్ నెలకు 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 22 వేలు. మన వాటా పీఎఫ్ ఎక్కడికీ పోదు, మన ఖాతాలోనే ఉంటుంది; కంపెనీ వాటాలో కొంత పెన్షన్ పథకానికి వెళ్తుంది. గ్రాట్యుటీ మాత్రం పర్మినెంట్ ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే.

ఇక బాండ్, అంటే మధ్యలో మానేయనని కంపెనీకి రాసిచ్చే ఒప్పందం. "అవి కోర్టులో చెల్లవురా" అని సీనియర్లు ధైర్యం చెబుతుంటారు. సగమే నిజం. మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దనే షరతు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలవడం కష్టం. ఇన్నేళ్లు పనిచేయాలి, లేదంటే ఇంత కట్టాలి అన్నది వేరే సంగతి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అది ప్రభుత్వ బ్యాంకు, కొత్త నియామకానికి అయ్యే ఖర్చు చూపగలిగింది. మూడు వారాల ట్రైనింగిచ్చిన చిన్న కంపెనీకి అదే తీర్పు వస్తుందనలేం. అయినా కోర్టుదాకా ఎందుకు, ఉద్యోగం నుంచి వదిలేశామని ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆపితే చాలు, కుర్రాడు దిగొస్తాడు. అందుకే బాండ్ ఎన్ని నెలలు, ఎంత మొత్తం, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా అని సంతకానికి ముందే మెయిల్‌లో అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోవాలి. తమ దగ్గరే ఉంచుకుంటామంటే లేచి వచ్చేయడమే.

రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన నోటీస్ పీరియడ్ 90 రోజులుంటే ఆ దెబ్బ ఏడాదిన్నర తర్వాత తెలుస్తుంది. కొత్త కంపెనీ నెలలో చేరమంటుంది, పాతది వదలదు. డబ్బు కట్టి ముందే వెళ్లే వీలుందో లేదో చూసుకోండి.

పని గురించి హెచ్ఆర్‌ను అడిగితే తీయగానే చెబుతారు. అదే కంపెనీలో రెండేళ్ల కింద చేరినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో వెతికి అడగండి: మొదటి ఆరు నెలలు కోడ్ రాశారా, నైట్ షిఫ్టులో టికెట్లు (కస్టమర్ల ఫిర్యాదులు) మూసుకుంటూ కూర్చున్నారా, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నారా? జీతం రెండు వేలు తక్కువైనా కోడ్ రాయించే చోటే మేలు.

ఇవేవీ కుదరక అమీర్‌పేట కన్సల్టెన్సీకి డబ్బు కట్టి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబర్ అడుగుతారు. పనిచేశానన్న మూడేళ్లలో ఒక్క నెల పీఎఫ్ కూడా జమ కాలేదని పాస్‌బుక్కే చెప్పేస్తుంది.