అక్షరాలు వచ్చాయి సరే, బడికి సిద్ధమైనట్టేనా?

అమెరికాలో ప్రభుత్వ బడులు నడిపే ప్రీ-కే తరగతుల (అంటే ఐదేళ్లకు చేరే కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది చదువు) గురించి వాదన మొదలైతే చాలు, టెనెసీ రాష్ట్రం ఒకవైపు, బోస్టన్ నగరం ఇంకోవైపు నిలబడతాయి. రెండుచోట్లా నాలుగేళ్ల పిల్లలే. రెండుచోట్లా ఉన్న సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు. లాటరీలో సీటు వచ్చిన పిల్లలు ఏమయ్యారు, రానివాళ్లు ఏమయ్యారు అని పరిశోధకులు ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. చివరికి తేలిన ఫలితాలకు మాత్రం ఒకదానికొకటి పొంతనే లేదు.

టెనెసీలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ బృందం 2,990 మంది పిల్లలను గమనించింది. ప్రీ-కే ఏడాది ముగిసేనాటికి ఆ తరగతులకు వెళ్లినవాళ్లే ముందున్నారు. కిండర్‌గార్టెన్ అయ్యేసరికి మిగతావాళ్లు వాళ్లను అందుకున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. ప్రీ-కేకు వెళ్లిన పిల్లలకే రీడింగ్, లెక్కలు, సైన్సు మూడింట్లోనూ మార్కులు తక్కువ. వాళ్ల మీదే క్రమశిక్షణ ఫిర్యాదులు ఎక్కువ. 2022లో ఈ అధ్యయనం అచ్చయ్యాక, ప్రీ-కే మీద పెట్టే డబ్బంతా దండగ అనేవాళ్ల చేతికి పెద్ద ఆధారం దొరికినట్టయింది.

బోస్టన్ కథ వేరు. అక్కడ 1997 నుంచి 2003 వరకు ప్రభుత్వ ప్రీ-కేకు దరఖాస్తు చేసిన 4,000 మందికి పైగా పిల్లలను వాళ్లు పెద్దయ్యేదాకా గమనించారు. రాష్ట్ర పరీక్షల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. కానీ సీటు వచ్చినవాళ్లలో బడి నుంచి సస్పెండ్ అయినవాళ్లు తగ్గారు, హైస్కూలు పూర్తి చేసినవాళ్లు పెరిగారు. హైస్కూలు అవగానే కాలేజీలో చేరినవాళ్లు దాదాపు 8 శాతం పాయింట్లు ఎక్కువ. మార్కుల్లో కనబడని మేలు జీవితంలో కనబడింది.

ఈ రెండింటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని పక్కన పెట్టేయడం సులువు. చర్చలన్నీ అలాగే నడుస్తున్నాయి కూడా. నాకైతే రెండూ కలిసి ఒకే విషయం చెబుతున్నట్టు అనిపిస్తుంది. ప్రీ-కేలో పిల్లలకు మనం ఏం ఇస్తున్నామన్నది ఒకటి, ఏం కొలుస్తున్నామన్నది ఇంకొకటి. ఈ రెంటి మధ్య దూరం పెరిగేకొద్దీ తరగతిలో జరగాల్సింది జరగడం మానేస్తుంది.

కొలవడానికి అన్నిటికన్నా తేలికైనవి అక్షరాలు. ఇంగ్లీషులో ఉన్నవి 26. నాలుగేళ్ల బిడ్డకు రోజూ కార్డులు చూపిస్తే కొన్ని నెలల్లో వచ్చేస్తాయి, పరీక్ష పెడితే లెక్కకూ అందుతాయి. అక్షరాలు నేర్పొద్దని నేను అనను. ఓక్లహోమా రాష్ట్రం 1998 నుంచి నాలుగేళ్ల పిల్లలందరికీ ప్రీ-కే తలుపులు తెరిచింది. అక్కడి టల్సా నగరంలో జరిగిన అధ్యయనాల్లో పిల్లలు బాగా ముందుకెళ్లింది అక్షరాలు, మాటలు గుర్తుపట్టడంలోనే. అది నిజమైన లాభమే. కాకపోతే ఇలాంటి లాభానికి ఒక హద్దుంది. 26 అక్షరాలు నేర్చుకున్న పిల్లకు నేర్చుకోవడానికి ఇరవై ఏడో అక్షరం లేదు. ప్రీ-కేకు రాని పక్కింటి పిల్లాడు కిండర్‌గార్టెన్‌లో అవే 26 నేర్చుకుంటాడు. ఇద్దరి మధ్య తేడా అక్కడితో పోతుంది. ఎన్ని మాటలు తెలుసు, విన్న కథలో ఏం అర్థమైంది, రానిదాన్ని ఎలా అడగాలి అనే వాటికి మాత్రం ఇంత అని అంతు లేదు. వెనకబడ్డవాళ్లు అందుకోవడం కష్టమయ్యేదీ అక్కడే. ప్రీ-కే తన సమయంలో ఎక్కువ భాగం పెట్టాల్సిందీ అక్కడే.

లెక్కల్లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మూడున్నరేళ్ల పాప ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్పేస్తుంది. ఇంట్లో అందరూ చప్పట్లు కొడతారు. ఆ పాప ముందు ఒక డబ్బా నిండా చిన్న బొమ్మలు పెట్టి "నాకు నాలుగు ఇవ్వు" అని అడిగి చూడండి. గుప్పెట నిండా తీసి ఇచ్చేస్తుంది. "లెక్కపెట్టి చూపించు" అంటే ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి ఏడు దాకా లెక్కపెడుతుంది. "మరి నాలుగు ఉన్నాయా?" అంటే తల ఊపుతుంది. పాపకు అంకెల వరస వచ్చింది. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి ఇంకా బుర్రకెక్కలేదు. పిల్లలు ఈ మెట్టు ఎక్కేది సాధారణంగా మూడున్నర, నాలుగేళ్ల మధ్య. ప్రీ-కేకు వచ్చే వయసు కూడా అదే. అంకెలు వంద దాకా వల్లె వేయించినంత మాత్రాన ఈ మెట్టు ఎక్కరు. ఆరుగురు కూర్చున్న బల్ల దగ్గర ఒక బిడ్డకు గ్లాసులు పెట్టే పని అప్పగించి, ఒకటి తక్కువైతే "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగే టీచరు ఎక్కిస్తుంది.

ఆట అనగానే టైంపాస్ అనుకునేవాళ్ల కోసం ఒక ప్రయోగం గురించి చెప్పాలి. 2008లో రాబర్ట్ సీగ్లర్, గీతా రామాని పేద కుటుంబాల పిల్లలతో ఒక బోర్డు ఆట ఆడించారు. వరసగా గడులు, వాటిలో 1 నుంచి 10 దాకా అంకెలు. చక్రం తిప్పి వచ్చినన్ని గడులు జరుగుతూ, దాటే ప్రతి గడిలోని అంకెనూ పైకి చెప్పాలి. ఒక్కోసారి 15 నిమిషాల చొప్పున, రెండు వారాల్లో నాలుగుసార్లు ఆడించారు, అంతే. ఏ అంకె ఎంత పెద్దదో, దేని పక్కన ఏది ఉంటుందో ఆ పిల్లలకు ముందుకంటే బాగా తెలిసింది. అదే బోర్డు మీద అంకెల బదులు రంగులు పెట్టి ఆడించిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. ఆటకు ఉన్న బలం అందులో పెద్దవాళ్లు ఆలోచించి ఏం పెట్టారన్న దాన్ని బట్టి వస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లల్ని బొమ్మల మధ్య వదిలేసి "ఆడుకుంటూ నేర్చుకుంటారు" అనేవాళ్లతో నాకు పేచీ ఉన్నది ఇందుకే. బల్లల ముందు వరసగా కూర్చోబెట్టి వర్క్‌షీట్లు పంచేవాళ్లతో ఎంత పేచీ ఉందో వీళ్లతోనూ అంతే ఉంది.

మాటలకు వస్తే, టీచరు కథ చదవడానికీ, కథ చదువుతూ పిల్లలతో మాట్లాడించడానికీ చాలా తేడా ఉంది. గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పరిశోధనలో తల్లిదండ్రులకు ఒక చిన్న పద్ధతి నేర్పింది. పుస్తకం చదువుతూ మధ్యలో ఆగి "ఇదేంటి? ఎందుకలా చేశాడు?" అని అడగడం, బిడ్డ ఒక్క మాటలో చెబితే దానికి ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి చెప్పడం. నెల రోజుల్లో పిల్లల మాట తీరులో కొలవగలిగినంత తేడా వచ్చింది. తరగతిలో ఇది చేయాలంటే పిల్లలు ఐదారుగురు చొప్పున కూర్చోవాలి. ఇరవై మందిని ఒక్కసారే కార్పెట్ మీద కూర్చోబెడితే ముందువరసలో ఉన్న హుషారు పిల్లలు ముగ్గురే జవాబులు చెబుతారు. మాట్లాడాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో ఆ బిడ్డ నోరు విప్పకుండానే రోజు గడిచిపోతుంది.

ఇక్కడ అమెరికాలోని మన కుటుంబాలకు ఒక మాట. ప్రీ-కేలో చేర్చే ముందు చాలామంది టెన్షన్ పడి ఇంట్లో తెలుగు మానేసి, తమకు అంతగా అలవాటు లేని ఇంగ్లీషులోకి మారిపోతారు. అవసరం లేదు. ఇంటి భాషలో ధారాళంగా కబుర్లు చెప్పే బిడ్డకు కథంటే ఏమిటో, కారణం చెప్పడమంటే ఏమిటో ముందే తెలిసి ఉంటుంది. ఆ తెలివి ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు కూడా పనికొస్తుంది.

ఇక నిగ్రహం. బడికి సిద్ధం కావడమంటే కదలకుండా కూర్చోవడం అని చాలామంది లెక్క. పిల్లల్లో నిగ్రహాన్ని కొలవడానికి పరిశోధకులు వాడే ఒక చిన్న ఆట ఉంది: "తల ముట్టుకో" అంటే కాలివేళ్లు ముట్టుకోవాలి, "కాలివేళ్లు" అంటే తల. విన్నది గుర్తుంచుకోవాలి, వెంటనే చేయాలనిపించిన పనిని ఆపుకోవాలి, చెప్పినదానికి తిరగేసి చేయాలి. లెక్క చేసేటప్పుడు, వాక్యం చదివేటప్పుడు బుర్ర చేసే పనిలో చాలావరకు ఇదే. కదలకుండా కూర్చోబెడితే ఇది పెరగదు. బోస్టన్ ప్రీ-కేలో తర్వాతి కాలంలో భాషకు, లెక్కలకు పకడ్బందీ పాఠ్యప్రణాళిక పెట్టి, టీచర్ల పక్కన కోచ్‌లను నిలబెట్టారు. 2013లో క్రిస్టినా వైలాండ్, హిరోకాజు యోషికావా ఆ పిల్లలను పరిశీలిస్తే భాష, లెక్కలతో పాటు ఈ నిగ్రహం కూడా కొంత మెరుగైనట్టు తేలింది. దానికోసం విడిగా పాఠాలేమీ చెప్పలేదు.

ఈ విషయం కొత్తది కూడా కాదు. మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్‌లో పిల్లలు రోజూ ముందు ఏం చేయబోతున్నారో చెప్పేవారు, తర్వాత ఆ పని చేసేవారు, చివర ఏం చేశారో అందరికీ చెప్పేవారు. మొత్తం 123 మంది పేద నల్లజాతి పిల్లలు, వారిలో 58 మందికి ఈ చదువు. ఐక్యూలో వచ్చిన పెరుగుదల కొన్నేళ్లకే కరిగిపోయింది. అంతటితో ఆపేసి ఉంటే దాన్నీ విఫల ప్రయోగం కింద కట్టేసేవారు. నలభయ్యో ఏట మళ్లీ చూస్తే హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఈ 58 మందిలో 77 శాతం, మిగతావాళ్లలో 60 శాతం. సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. అయితే అక్కడ ఒక్కో టీచరుకు ఆరుగురు పిల్లలే ఉండేవారు, వారానికోసారి టీచరు ఇంటికి కూడా వెళ్లేది. పెర్రీ ఫలితాలు చూపించి ఓట్లు అడిగే నాయకులు ఈ ఆరుగురి సంగతి ఎత్తరు. పేరు అదే పెట్టి ఖర్చు తగ్గిస్తే ఫలితం కూడా తగ్గుతుంది.

టెనెసీలో జరిగింది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం. తరగతుల్లో కూర్చుని చూసిన పరిశోధకులు చెప్పిందాని ప్రకారం, రోజులో పెద్ద భాగం అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పడానికి, ఒక పని నుంచి ఇంకో పనికి మారడానికి పోయింది. బాత్రూంకు లైను, భోజనానికి లైను, చేతులు కడుక్కోవడానికి లైను. పెద్ద పిల్లల కోసం కట్టిన బడిలో నాలుగేళ్ల పిల్లల్ని పెట్టినప్పుడు బాత్రూం తరగతిలో ఉండదు, కారిడార్ చివర ఉంటుంది. ఒక్కరికి అవసరమైతే అందరూ వెళ్లాలి. నాలుగేళ్ల బిడ్డ లైన్లో కుదురుగా నిలబడలేకపోతే దాన్ని తప్పు కింద రాస్తారు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ గిలియం 2005లో లెక్క తీస్తే, రాష్ట్రాలు నడిపే ప్రీ-కేల నుంచి పిల్లల్ని తీసేసే రేటు, కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా ఉన్న రేటుకు మూడు రెట్లకు పైగా ఉంది. బడి అలవాటు కావడానికి వచ్చిన పిల్లలను అలవాటు లేదని పంపేయడం ఇది. తలుచుకుంటే బాధేస్తుంది. పిల్లల ప్రవర్తన గురించి సలహా ఇచ్చే నిపుణులు టీచర్లకు అందుబాటులో ఉన్నచోట ఈ తీసివేతలు తక్కువగా ఉన్నాయని ఆ అధ్యయనమే చెప్పింది. అంటే దారి ఉంది, డబ్బు పెట్టాలి.

డబ్బంటే ముందు గుర్తుకు రావాల్సింది టీచరు జీతం. ఓక్లహోమా 1998లోనే ఈ సంగతి గ్రహించింది. ప్రీ-కే టీచరుకు డిగ్రీ, చిన్నపిల్లల చదువులో సర్టిఫికెట్ ఉండాలి, జీతం మిగతా ప్రభుత్వ టీచర్లతో సమానం, తరగతికి ఇరవై మందికి మించకూడదు, పదిమంది పిల్లలకు పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. ప్రైవేటు చైల్డ్‌కేర్‌లో తక్కువ జీతానికి పనిచేసే టీచరు పని బాగా పట్టుబడే సమయానికి ఇంకెక్కడికో వెళ్లిపోతుంది. పైన చెప్పిన "ఇప్పుడేం చేద్దాం?" అనే ప్రశ్నను సరైన క్షణంలో, సరైన బిడ్డను అడగడం అనుభవంతో వచ్చే నేర్పు. దానికి జీతం తక్కువ ఇస్తూ ఫలితం ఎక్కువ కావాలంటే రాదు.

తప్పంతా ప్రీ-కే మీద నెట్టడం కూడా న్యాయం కాదు. కిండర్‌గార్టెన్ టీచర్లు లెక్కల సమయంలో ఎక్కువ భాగం పిల్లలకు అప్పటికే వచ్చిన విషయాలే మళ్లీ చెబుతున్నారని జాతీయ స్థాయి సమాచారంతో చేసిన పరిశోధనలో తేలింది. నిరుడు నేర్చుకున్నదే మళ్లీ వింటూ కూర్చుంటే ముందున్నవాళ్లు ఆగిపోతారు, వెనకున్నవాళ్లు అందుకుంటారు. దాన్ని "ప్రీ-కే ప్రభావం కరిగిపోయింది" అని రాసేస్తాం. ఇంకోపక్క అదే కిండర్‌గార్టెన్ మీద ఒత్తిడి పెరుగుతోంది. ఆ ఏడాదిలోనే పిల్లలకు చదవడం వచ్చేయాలి అనుకునే టీచర్లు 1998లో 31 శాతం, 2010కి 80 శాతం. ఆ ఒత్తిడి మెట్టు దిగి నాలుగేళ్ల పిల్లల మీద పడుతోంది. బోస్టన్ దీనికి సరైన పని చేసింది. ప్రీ-కేలో పనిచేసిన పద్ధతినే కిండర్‌గార్టెన్‌కు, ఆ పై తరగతులకు పొడిగించింది.

ఇవాళ అమెరికాలో నాలుగేళ్ల పిల్లల్లో మూడో వంతు మందికి పైగా రాష్ట్రాల డబ్బుతో నడిచే ప్రీ-కేలోనే ఉన్నారు. సీటు దొరకడమే గొప్ప అనుకునే చోట్ల నాణ్యత గురించి అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడతారు. అడగాలి. బడి చూపించే రోజున గోడ మీద అంటించిన అక్షరాల చార్టు కోసం వెతకకండి, అది అన్నిచోట్లా ఉంటుంది. తరగతిలో ఒక పావుగంట కూర్చోనివ్వమని అడగండి. బ్లాకులతో కట్టేచోట టీచరు మోకాళ్ల మీద కూర్చుని ఒక బిడ్డతో మాట్లాడుతోందా, ఆ బిడ్డ తిరిగి ఎన్ని మాటలు చెబుతోంది, ఆ పావుగంటలో పిల్లలు లైన్లో నిలబడింది ఎంతసేపు అన్నది చూసుకోండి. టీచరు ఆ బడిలో ఎన్నేళ్ల నుంచి ఉందో, ఈ పిల్లలు వెళ్లబోయే కిండర్‌గార్టెన్ టీచరుతో ఏడాదిలో ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడుతుందో ప్రిన్సిపాల్‌నే అడగండి. రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే, ఆ ప్రశ్నను స్కూల్ బోర్డు సమావేశంలో అందరి ముందూ మళ్లీ అడగండి.