సోలో కార్నెల్‌ని అంత తేలిగ్గా తీసేయకండి
అమెరికన్ రాక్ గాయకుడు క్రిస్ కార్నెల్ సత్తా అంతా బ్యాండ్‌లలోనే ఉందని, ఒంటరిగా పాడేసరికి పలచబడిపోయాడని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 1984లో ఆయన రాక్ బ్యాండ్ సౌండ్‌గార్డెన్ మొదలైనప్పుడు ఆయన డ్రమ్స్ వాయిస్తూనే పాడేవాడు, అందుకే ఆ గొంతులో లయ అంత గట్టిగా ఉంటుంది. ఆ బ్యాండ్ హోరులో గిటార్లను దాటి వినపడాలంటే అరవక తప్పదు. 1999 నాటి మొదటి సోలో ఆల్బమ్ 'యూఫోరియా మార్నింగ్'లో ఆ అవసరం లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట వినండి, పల్లవికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. దాని పేరులో 'ఉదయం' అని ఉన్న మాట ఆయన మనసులో నిజానికి 'శోకం'. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా (morning, mourning). 2015లో మళ్ళీ విడుదల చేసినప్పుడు దాన్ని సరిచేయించాడు. అది తెలిశాక ఆ పాటలు నాకు ఇంకోలా వినిపించాయి. 2009లో హిప్‌హాప్ నిర్మాత టింబలాండ్‌తో చేసిన ఆల్బమ్ మాత్రం నాకూ ఎక్కలేదు, అక్కడ మీతో ఏకీభవిస్తాను. కానీ ఆ ఒక్కదాన్ని పట్టుకుని మిగతా అంతా కొట్టిపారేస్తే ఎలా? 2011లో వచ్చిన అకూస్టిక్ (ఎలక్ట్రిక్ గిటార్ లేని) లైవ్ రికార్డు గురించి వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. సౌండ్‌గార్డెన్, ఆడియోస్లేవ్, చనిపోయిన స్నేహితుడు ఆండ్రూ వుడ్ కోసం కట్టిన టెంపుల్ ఆఫ్ ద డాగ్, ఆయన పాడిన ఈ మూడు బ్యాండ్‌ల పాటలూ అందులో ఉన్నాయి. అన్నిటికీ తోడు అకూస్టిక్ గిటారే. నేను గిటార్ నేర్చుకుంటున్న రోజుల్లో దాన్నే వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. బ్యాండ్ లేకపోయినా ఏ పాటలోనూ వెలితి కనిపించలేదు.