ఏడో నంబరు గడి

"మీ మానసిక అనారోగ్యం మీ కళను ఎలా తీర్చిదిద్దిందో 300 పదాలకు మించకుండా రాయండి."

ఇది ఒక దరఖాస్తు ఫారంలో ఏడో నంబరు గడి. మానసిక ఆరోగ్యానికీ సమకాలీన కళకూ కలిపి సాయం చేసే ఒక ఫౌండేషన్ వాళ్లు కిందటేడు ఎంపిక కమిటీలో కూర్చోమంటే కూర్చున్నాను. పేరు చెప్పను. వాళ్లు దుర్మార్గులేమీ కారు. నిజానికి మంచివాళ్లు, అందుకే ఈ పోస్టు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

రెండు రోజుల్లో తొంభై చిల్లర దరఖాస్తులు చదివాం. మొదటి రోజు సాయంత్రానికే తెలిసిపోయింది, బొమ్మల్ని ఎవరూ పెద్దగా చూడటం లేదని. అందరి కళ్లూ ఏడో గడి మీదే. గుండె పిండేలా రాసినవాళ్లకు మార్కులు. ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారు, ఎంత లోతుకు పడిపోయారు, కుంచె పట్టుకుని ఎలా పైకొచ్చారు. పడటం, లేవడం రెండూ ఉండాలి. పడి ఇంకా లేవనివాళ్లు కమిటీకి నచ్చలేదు. అసలు పడ్డట్టే కనిపించనివాళ్లు అంతకంటే నచ్చలేదు.

ఒకావిడ ఆ గడిలో ఒకే వాక్యం రాసింది: "దీనికి జవాబు చెప్పదలచుకోలేదు, బొమ్మలు జతచేశాను." బొమ్మలు చూశాను. ఆ తొంభైలో నాకు గుర్తుండిపోయినవి అవే. మొదటి వడపోతలోనే పోయింది. ఎందుకని అడిగితే "దరఖాస్తు అసంపూర్ణం" అన్నారు. నేను గట్టిగా వాదించానా? లేదు. మధ్యాహ్నం దాటింది, ఇంకా నలభై మిగిలున్నాయి, ఊరుకున్నాను.

ఈ గడి వెనక ఓ పాత నమ్మకం ఉంది. మనసు చెదిరితేనే గొప్ప కళ పుడుతుందని. కాదంటే వెంటనే చిత్రకారుడు వాన్ గో పేరు తెస్తారు. సరే, అతని సంగతే చూద్దాం. 1889 మే నుంచి ఏడాదిపాటు దక్షిణ ఫ్రాన్స్‌లో సాన్ రెమీ మానసిక ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఏడాదిలో సుమారు 150 పెయింటింగులు వేశాడు. ఇంతవరకే అందరూ చెబుతారు. 1889 వేసవిలో జబ్బు తిరగబెట్టినప్పుడు రంగులు మింగబోయాడు, కొన్నాళ్లు అతన్ని స్టూడియోలోకే రానివ్వలేదు, వారాల తరబడి పని ఆగిపోయింది. చాలామటుకు తేరుకున్న రోజుల్లో వేశాడు. మరి వెయ్యడానికి ఏం కావలసి వచ్చింది? పడుకునే గది కాక పని చేసుకోవడానికి ఆసుపత్రివాళ్లు ఇంకో గది ఇచ్చారు. తమ్ముడు థియో ఆసుపత్రి ఖర్చు కట్టాడు, రంగులూ కాన్వాసూ పంపాడు. గది, రంగులు, ఫీజు. ఒక రకంగా థియో ఒంటిచేత్తో నడిపిన ఫౌండేషన్ అది. అన్నను ఏడో గడి నింపమని మాత్రం అడగలేదు.

జపాన్ కళాకారిణి యాయోయ్ కుసామాను చూడండి. 1977లో తనంతట తానే టోక్యోలో ఒక మానసిక ఆసుపత్రిలో చేరి అక్కడే ఉండిపోయింది. దగ్గర్లోనే స్టూడియో పెట్టుకుంది. పొద్దున స్టూడియోకు వెళ్లడం, పని చేసుకోవడం, తిరిగి ఆసుపత్రికి రావడం. దశాబ్దాల తరబడి ఇదే. ఆవిడ వేసే చుక్కల గురించి, కట్టే అద్దాల గదుల గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు గానీ, నన్ను ఎప్పుడూ ఆపేది ఆ రెండు భవనాల మధ్య దూరమే. ఒకచోట వైద్యం, ఇంకోచోట పని. రెండూ దొరికాయి. ఒకదాన్ని చూపించి ఇంకొకటి అడుక్కోవలసిన అవసరం రాలేదు.

ఇక్కడ ఒక మాట అంటే బొమ్మలేసే నా మిత్రులకు కోపం వస్తుంది. అయినా అంటాను. కళ మందు కాదు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, ఆరోగ్యానికి కళలు పనికొస్తాయంటూ ఒక నివేదిక వేసింది. నేను చూసిన ప్రతి ఫౌండేషన్ బ్రోషర్‌లోనూ ఆ అంకె ఉంది. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన మటీస్ అనే వైద్య ప్రయోగం మాత్రం ఒక్కదాంట్లోనూ కనిపించలేదు. స్కిజోఫ్రేనియా ఉన్న 417 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి ఆర్ట్ థెరపీ, కొందరికి వేరే కాలక్షేపాలు, కొందరికి మామూలు వైద్యం మాత్రమే. రెండేళ్ల తర్వాత చూస్తే ఆర్ట్ థెరపీ గుంపుకు జబ్బు లక్షణాల్లోనూ, రోజువారీ పనులు చక్కబెట్టుకోవడంలోనూ ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. చాలామంది సెషన్లకు సరిగా రానేలేదు. ఇది చదివినప్పుడు నాకు ఊరట కలిగింది, నిజం చెబుతున్నాను. బొమ్మ వేసిన ప్రతివాడికీ జబ్బు తగ్గి తీరాలన్న బరువు ఎవరో నా భుజాల మీంచి దించినట్టు.

"అలాగైతే డబ్బంతా డాక్టర్లకే పెట్టొచ్చుగా, ఈ రంగులెందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రపంచ దేశాల ప్రభుత్వాలు ఆరోగ్య ఖర్చులో మానసిక ఆరోగ్యానికి విదిల్చేది సుమారు 2 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లోటును ఏ ఫౌండేషనూ పూడ్చలేదు. పూడుస్తున్నట్టు ఫొటోలు దిగకపోతే చాలు. రంగులు ఎందుకంటే, జబ్బు ఉన్న మనిషికి జబ్బు కాక ఇంకా ఏదో ఉంటుంది కాబట్టి. ఆ ఇంకా ఏదో కోసం.

కమిటీకి ముందు మూడేళ్లు అదే ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఒక బొమ్మల గదిలో వాలంటీరుగా ఉన్నాను. వారానికి రెండు మధ్యాహ్నాలు. ఒకాయన వచ్చేవాడు. బొమ్మ వేసేవాడు కాదు. సింకు దగ్గర నిలబడి కుంచెలు కడిగేవాడు, ఆరబెట్టేవాడు, వెళ్లిపోయేవాడు. మొదటి నెలలో ఒకసారి "మీరూ ఏమైనా వేస్తారా?" అని అడిగాను. "మీరు వీటిని సరిగ్గా కడగట్లేదండీ" అన్నాడు. నిజమే, కడిగేవాళ్లం కాదు. ఎనిమిది నెలలు అలాగే వచ్చాడు. అతను రావడం మొదలయ్యాక కుంచెలు ఎక్కువ కాలం మన్నాయి. అది ఎక్కడా రాయలేదు. ఎందుకంటే మేం పంపాల్సిన రిపోర్టులో ఉన్నవి మూడే గళ్లు: లబ్ధిదారుల సంఖ్య, తయారైన కళాఖండాలు, మెరుగుదల స్కోరు. అతని పేరుకు ఎదురుగా కళాఖండాలు సున్నా. స్కోరు ఫారం నింపనన్నాడు.

మరుసటి ఏడు గ్రాంటు కోశారు. వారానికి రెండు రోజులు ఒక్కటైంది. పోయింది అతను వచ్చే రోజు.

ఇలాంటి చోట్ల పనికొచ్చేది కాలం, అంతకుమించి ఓపిక. జూడిత్ స్కాట్ కథ నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఆవిడది మానసిక జబ్బు కాదు, డౌన్ సిండ్రోమ్, పైగా చెవులు వినపడవు. 35 ఏళ్లు సంస్థల్లో మగ్గితే, కవల సోదరి జాయిస్ బయటికి తెచ్చి 1987లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియోలో చేర్చింది. దాదాపు రెండేళ్లు జూడిత్ దేనిమీదా ఆసక్తి చూపలేదు. రెండేళ్లు! ఆ తర్వాత నూలు పోగులు, దారాలు పట్టుకుని దొరికిన వస్తువుల చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది. 2005లో చనిపోయే దాకా చుడుతూనే ఉంది. ఇవాళ ఆ శిల్పాలు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. మన ఆరు నెలల ప్రాజెక్టులో అయితే ఆవిడ పేరు నాలుగో నెలలో కొట్టేసేవాళ్లం. ఒకవేళ ఆవిడ ఎప్పటికీ ఏమీ చుట్టకపోయినా ఆ కుర్చీ ఆవిడదే అయి ఉండాలి, అది వేరే సంగతి. కాదు, అదే సంగతి.

ఎడ్వర్డ్ ఆడమ్‌సన్ అనే కళాకారుడు 1946లో ఇంగ్లండ్‌లోని నెథర్న్ ఆసుపత్రిలో స్టూడియో నడపడం మొదలుపెట్టి 35 ఏళ్లు అక్కడే గడిపాడు. బొమ్మలకు అర్థాలు చెప్పడం అతని పద్ధతి కాదు, పాఠాలు చెప్పడమూ కాదు. గది తెరిచి ఉంచి, తను ఆ గదిలో ఉండటమే అతని పని. ఇవాళ దానికి గ్రాంటు దరఖాస్తు రాయండి చూద్దాం. "కార్యాచరణ ప్రణాళిక: కూర్చుంటాను."

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ గదివాళ్ల బొమ్మలతో ప్రదర్శన పెట్టినప్పుడు గోడ మీద అంటించే చీటీలు టైపు చేసింది నేనే. పేరు, బొమ్మ పేరు, కింద చిన్న అక్షరాల్లో: డిప్రెషన్. బైపోలార్. స్కిజోఫ్రేనియా. నూనె రంగులు, కాన్వాస్ అని రాసే చోట. ఒకమ్మాయి ప్రారంభానికి గంట ముందు వచ్చి తన చీటీ ముందు చాలాసేపు నిలబడి, "ఇది తీసెయ్యొచ్చా?" అని అడిగింది. నిర్వాహకులు, "దాతలకు కనెక్ట్ అయ్యేది అదేనమ్మా, అయినా నువ్వు సంతకం పెట్టావుగా" అన్నారు. పెట్టింది, నిజమే. పన్నెండు పేజీల్లో తొమ్మిదో పేజీలో ఉందది. నేను గమ్ సీసా చేతిలో పట్టుకుని పక్కనే ఉన్నాను.

ఈ చీటీల చరిత్ర చిన్నది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీలోని హైడెల్‌బర్గ్ ఆసుపత్రిలో హాన్స్ ప్రింజ్‌హార్న్ అనే డాక్టరు రకరకాల మానసిక ఆసుపత్రుల నుంచి రోగులు గీసిన వేల బొమ్మలు సేకరించి, 1922లో పుస్తకం వేశాడు. యూరప్ కళాకారులు దాన్ని చూసి మురిసిపోయారు. అందులో మారుపేరుతో పరిచయమైన ఒకాయన అసలు పేరు ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్, ఇనుప పనిలో ఆరితేరినవాడు. తర్వాత నాజీలు ఆ సేకరణలోని బొమ్మల్ని తమ 'దిగజారిన కళ' ప్రదర్శనలో ఆధునిక కళాకారుల పనుల పక్కన వేలాడదీశారు, చూడండి రెండూ ఒకటేనని వెక్కిరించడానికి. 1940లో బ్యూలర్‌ను గ్రాఫెనెక్ అనే నాజీల హత్యా కేంద్రానికి తీసుకెళ్లి గ్యాస్‌తో చంపారు. మానసిక రోగి కావడమే నేరం. బొమ్మలు భద్రంగా ఉన్నాయి, హైడెల్‌బర్గ్‌లో ఇప్పుడు వాటికి మ్యూజియం ఉంది. మన చీటీలను దాంతో పోల్చడం లేదు, అంత మతి పోలేదు నాకు. కానీ బొమ్మ పక్కన జబ్బు పేరు రాసిపెడితే చూసేవాడి కళ్లు ఏం చేస్తాయో నాకు తెలుసు. ఆ రోజు అతిథులు ముందు చీటీ చదివి, తర్వాత తలెత్తి బొమ్మ చూసి, "పాపం" అన్నారు. మంచి బొమ్మకు "పాపం" ఏమిటండీ?

డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందన్నది ఇంకో గొడవ. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో క్రీడ్‌మూర్ అని మానసిక ఆసుపత్రి ఉంది. శాక్లర్ సోదరులు ముగ్గురూ ఒకప్పుడు అక్కడ పనిచేసిన డాక్టర్లే. తర్వాత మందుల వ్యాపారంలోకి వెళ్లారు. పెద్దవాడు ఆర్థర్ 1987లోనే చనిపోయాడు. తమ్ముళ్ల కుటుంబాల చేతిలో ఉన్న పర్డ్యూ ఫార్మా 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రను మార్కెట్లోకి తెచ్చింది. దానికి బానిసలైనవాళ్లలో ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ ఒకరు. 2018లో ఆవిడా తోటివాళ్లూ మెట్రోపాలిటన్ మ్యూజియంలో విరాళాలిచ్చినందుకు శాక్లర్ల పేరు పెట్టిన విభాగంలోకి వెళ్లి అక్కడి నీళ్లలోకి ఖాళీ మాత్రల సీసాలు విసిరారు. 2019లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం, 2021లో మెట్రోపాలిటన్ ఆ పేరు తీసేశాయి. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు గానీ, ఇక్కడ అత్తకు మాత్రలు మింగించి మరీ దానం చేశారు.

అదే క్రీడ్‌మూర్‌లో 1983లో బోలెక్ గ్రెచిన్‌స్కీ అనే పోలండ్ కళాకారుడు, యానోష్ మార్టన్ అనే సైకాలజిస్టు కలిసి వాడకంలో లేని పాత వంటశాల భవనాన్ని రోగుల స్టూడియోగా మార్చారు. లివింగ్ మ్యూజియం అని పేరు. ఒక ఆసుపత్రి ఆవరణలోంచి రెండు దారులు. పేరు గోడకెక్కిన దారి అందరికీ తెలుసు.

నాకేం కావాలో చెప్పి ఆపేస్తాను. గదికి అద్దె, రంగులు, అక్కడ కూర్చునే మనిషికి జీతం, కనీసం ఐదేళ్లకు ఒకేసారి. సైకియాట్రిస్టు ఖర్చు విడిగా, బొమ్మలతో లంకె లేకుండా. బొమ్మ అమ్ముడైతే డబ్బు ఎవరికి, అమ్మనంటే ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి మొదటి పేజీలోనే, మామూలు భాషలో. చీటీ మీద ఏముండాలో బొమ్మ వేసినవాళ్లే చెప్పాలి, ఒప్పుకున్నాక కూడా చివరి నిమిషంలో మనసు మార్చుకోవచ్చు. ప్రారంభోత్సవ సభలు తగ్గిస్తే ఇందులో సగం డబ్బు అక్కడే దొరుకుతుంది. పూలగుత్తుల బిల్లు నేను చూశాను.

ఈ ఏడాది కూడా కమిటీకి రమ్మని మెయిల్ వచ్చింది. ఏడో గడి తీసేస్తే వస్తానని, కిందటేడు ఒకే వాక్యం రాసినావిడ దరఖాస్తు మళ్లీ బయటికి తీయాలని జవాబు రాశాను. మూడు వారాలైంది. నిన్న ఆఫీసు నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి, "300 పదాలు ఎక్కువనిపిస్తే 150కి తగ్గిద్దామా అండీ?" అని అడిగాడు.