ఒక్క ఓఎంఎఫ్ ఫైలు ఉంటే బోర్ల షీట్లు అక్కర్లేదా?

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ చుట్టుపక్కల క్వారీల్లో, ఎక్స్‌ప్లొరేషన్ కాంట్రాక్టుల్లో పనిచేసే జియాలజిస్టుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: భూమి లోపలి రాయి, ఖనిజం చూపే త్రీడీ మోడల్‌ను ఓపెన్ మైనింగ్ ఫార్మాట్‌లోకి, అంటే ఓఎంఎఫ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉన్నది ఉన్నట్టు తెరుచుకుంటుందట. కోఆర్డినేట్ల టెన్షన్ ఉండదట, బ్లాకుల (మోడల్‌ను విడగొట్టిన పెట్టెల్లాంటి ముక్కల) గ్రేడ్లు, అంటే ఖనిజ శాతాలు మారవట, వెర్షన్ గొడవే లేదట. కాబట్టి బోర్ల (నేలలోంచి రాయి నమూనాలు తీయడానికి వేసే రంధ్రాల) ఎక్సెల్ షీట్లు, పాత ప్రాజెక్ట్ ఫోల్డర్లు దాచుకోనక్కర్లేదట. చివర్లో ఒక హెచ్చరిక కూడా ఉంది: ఇది ఓపెన్ కాబట్టి మీ డేటా అందరి చేతికీ పోతుంది, జాగ్రత్త అని.

ఓఎంఎఫ్ మంచి ఫార్మాట్. గ్లోబల్ మైనింగ్ గైడ్‌లైన్స్ గ్రూప్ ఆధ్వర్యంలో, ఒకదానితో ఒకటి పోటీపడే సాఫ్ట్‌వేర్ కంపెనీలు కూర్చుని తయారుచేసుకున్నది. ఒక సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు ఇంకో సాఫ్ట్‌వేర్ వాళ్లకు మోడల్ పంపాలంటే పడే పాట్లు దీనివల్ల చాలా తగ్గాయి. దాన్ని వాడండి అనే నేనూ చెబుతాను. కానీ ఈ మెసేజ్ నమ్మి ఎవరైనా బోర్ల షీట్లు డిలీట్ చేస్తే ఆ నష్టం పూడ్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది." వెళ్లేవి ఆకారాలు, వాటికి అంటిపెట్టుకున్న విలువలు. పాయింట్లు, గీతలు, ఉపరితలాలు, గ్రిడ్ బ్లాకులు, వాటి మీద గ్రేడ్లు, రంగులు, పేర్లు, తేదీలు, పైన పరిచిన ఫొటోలు. ఇవి చక్కగా వెళ్తాయి. ఆ ఆకారం ఎలా వచ్చిందో మాత్రం వెళ్లదు. సున్నపురాయికీ షేల్‌కూ మధ్య హద్దు ఏ బోర్ల ఆధారంగా గీశారు, ఎక్కడ ఊహించారు, గ్రేడు అంచనాకు ఏ వేరియోగ్రామ్ (దూరం పెరిగేకొద్దీ శాంపిళ్ల విలువలు ఎంత తేడా పడతాయో చెప్పే లెక్క) వాడారు, ఎంత దూరంలోని శాంపిళ్లను లెక్కలోకి తీసుకున్నారు అన్నవి మోడల్ తయారుచేసిన మాతృ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండిపోతాయి. కొత్తగా రెండు బోర్లు వేస్తే అవతలివాళ్లు ఆ ఉపరితలాన్ని తిరిగి లెక్కగట్టలేరు. వాళ్ల దగ్గరున్నది గడ్డకట్టిన త్రిభుజాల వల మాత్రమే.

బోర్ల సంగతి మరీ ముఖ్యం. మన షీట్లలో ఒక బోరంటే కాలర్ (బోరు నోటి స్థానం), సర్వే (బోరు వాలిన దిశ), లితాలజీ (ఏ లోతులో ఏ రాయి), అస్సే (ల్యాబ్ పరీక్ష విలువలు) అని నాలుగు పట్టికలు. మామూలుగా ఓఎంఎఫ్‌లోకి వెళ్లేసరికి అది త్రీడీలో గీసిన గీత ముక్కల వరుస అవుతుంది. అందులో శాంపిల్ నంబర్, ల్యాబ్ రిపోర్ట్, కోర్ రికవరీ (తవ్వినదాంట్లో చేతికొచ్చిన రాయి శాతం) ఉండాలంటే ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లు తలుచుకుని జతచేయాలి. రేపు నిల్వలు ఇన్ని టన్నులని చూపించాల్సి వస్తే, 2015 నాటి ఖనిజ నిరూపణ నిబంధనల ప్రకారం అడిగేది అన్వేషణ ఆధారాలనే. జీ4 (తొలి అన్వేషణ) నుంచి జీ1 (పూర్తి వివరాల అన్వేషణ) దాకా ఏ దశలో ఉన్నామో తేల్చేది బోర్లూ శాంపిళ్లే, రంగు రంగుల వల కాదు.

"కోఆర్డినేట్ల టెన్షన్ లేదు." మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే, అదీ మన ప్రాంతంలో. యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి స్థానాలను మీటర్లలో చెప్పే పద్ధతి) లెక్కలో 78 డిగ్రీల తూర్పు రేఖకు పడమర 43వ జోన్, తూర్పున 44వ జోన్. ఆ రేఖ మహబూబ్‌నగర్ పట్టణం పక్కనుంచే పోతుంది. దేవరకద్ర, గద్వాల, నారాయణపేట 43లోకి వస్తాయి. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, నల్గొండ, సూర్యాపేట 44లోకి. మహబూబ్‌నగర్ దగ్గర ఒకే రాయి మీద నిలబడి కొలిస్తే ఈస్టింగ్ (తూర్పు దిశ కొలత) 43వ జోన్‌లో దాదాపు 8.2 లక్షల మీటర్లు వస్తుంది, 44లో 1.8 లక్షలు. రెండూ చూడటానికి సరైన అంకెల్లాగే ఉంటాయి. జోన్ తారుమారైతే మోడల్ 640 కిలోమీటర్లు జరుగుతుంది. ఫైలు మాత్రం ఏ ఎర్రర్ చూపకుండా తెరుచుకుంటుంది.

ఓఎంఎఫ్ మొదటి వెర్షన్‌లో ఇది ఏ కోఆర్డినేట్ సిస్టమ్ అని రాయడానికి ప్రత్యేకమైన చోటే లేదు. యూనిట్లు, ఓరిజిన్ (కొలతలు మొదలయ్యే బిందువు) ఉన్నాయి, అంతే. రెండో వెర్షన్‌లో ఆ చోటు ఇచ్చారు. నింపకుండా వదిలేసినా ఫైలు తయారవుతుంది. పైగా ప్రాజెక్టుకు ఒక ఓరిజిన్, లోపలి ఆకారానికి ఇంకో ఓరిజిన్ ఉండొచ్చు. రెండూ కలిపితేనే అసలు స్థానం. సొంతంగా స్క్రిప్టు రాసుకున్నవాళ్లు ఒకటి కలిపి రెండోది మరిచిపోవడం మామూలే.

ఎత్తుల విషయంలోనూ ఇదే గొడవ. డ్రోన్ సర్వే చాలాసార్లు ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమి ఆకారానికి దగ్గరగా ఉండే గణిత ఉపరితలం నుంచి కొలిచిన ఎత్తు ఇస్తుంది. బోర్ల కాలర్లకు వేసేది సముద్రమట్టం ఎత్తు. మన వైపు ఎలిప్సాయిడ్ ఎత్తు సముద్రమట్టం ఎత్తు కన్నా 70 మీటర్లకు పైగా తక్కువ వస్తుంది. రెండూ ఒకే ఫైల్లో పెడితే బోర్లన్నీ నేలకు 70 మీటర్ల పైన గాలిలో వేలాడతాయి. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. బోర్లు లేకుండా డ్రోన్ ఉపరితలం, బ్లాక్ మోడల్ మాత్రమే పంపారనుకోండి, క్వారీలో సగం రాయి మాయమైనట్టు లెక్క వస్తుంది.

జోన్, డేటమ్ (కోఆర్డినేట్లకు ఆధారమైన భూమి నమూనా), ఎత్తు దేనికి సంబంధించినది అన్న ఈ మూడింటినీ ఫైలు వివరణలో రాయండి. పక్కన గుర్తుగా ఒక కాలర్ కోఆర్డినేట్ కూడా పెట్టండి. అవతలివాళ్లు ఆ ఒక్క బోరు సరిచూసుకుంటే మోడల్ ఎక్కడ కూర్చుందో తేలిపోతుంది.

"బ్లాకుల గ్రేడ్లు మారవు." మొదటి వెర్షన్‌లో ఉన్నది మామూలు గ్రిడ్. వరుసల మందం మార్చుకోవచ్చు గానీ ఒక్క బ్లాకును మాత్రమే విడిగా చీల్చలేం. సబ్‌బ్లాకులు, అంటే ఒక బ్లాకును చీల్చిన చిన్న ముక్కలు, రెండో వెర్షన్‌లోనే వచ్చాయి. అందుకే సబ్‌బ్లాకులున్న మోడల్‌ను పాత వెర్షన్‌లోకి పంపాలంటే ముందు అన్నిటినీ ఒకే సైజుకు తేవాలి. కృష్ణ ఒడ్డున మఠంపల్లి, మేళ్లచెర్వు, వాడపల్లి వైపు సున్నపురాయి తవ్వేవాళ్లకు దీని అర్థం చెప్పనక్కర్లేదు. ఉదాహరణకు 5 మీటర్ల బ్లాకులో 4 మీటర్లు 46 శాతం కాల్షియం ఆక్సైడ్ ఉన్న రాయి, 1 మీటరు 20 శాతమే ఉన్న మట్టి పొర అనుకుందాం. సగటు 40.8 శాతం. మంచి రాయీ కనిపించదు, విడిగా తీసి పారేయాల్సిన పొరా కనిపించదు. నల్గొండ జిల్లాలోని లంబాపూర్-పెద్దగట్టు యురేనియం లాంటి చోట ఇంకా కష్టం. అక్కడ ఖనిజం గ్రానైట్‌కూ దాని మీది శ్రీశైలం పొరలకూ మధ్య ఉన్న హద్దును పట్టుకుని పలుచగా పరుచుకుని ఉంటుంది. లావు బ్లాకులు వేస్తే ఖనిజం కాస్తా పైకీ కిందికీ అద్దినట్టు అవుతుంది.

ఖాళీ గళ్ల సంగతి మెసేజ్‌లో లేదు గానీ చెప్పాలి. అస్సే చేయని చోట మైనస్ 99 వేయడం మన దగ్గర పాత అలవాటు. మాతృ సాఫ్ట్‌వేర్‌కు అది ఖాళీ అని తెలుసు. ఎక్స్‌పోర్ట్‌లో అది మామూలు అంకెగా వెళ్లిపోవచ్చు. 44, 45, 46, మైనస్ 99: ఈ నాలుగింటి సగటు 9. సిమెంటు రాయి ఉన్న గుట్టను పనికిరాని గుట్టగా చూపించడానికి ఇది చాలు. ఎక్స్‌పోర్ట్‌కు ముందే వాటిని నిజంగా ఖాళీ చేయండి. తెరిచాక ప్రతి కాలమ్‌లో కనిష్ఠం, గరిష్ఠం చూడండి. ఒక్క నిమిషం పని.

"వెర్షన్ గొడవ లేదు." ఉంది. రెండు వెర్షన్ల ఫైళ్ల చివరా ఉండేది అదే ఓఎంఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్, లోపల నిర్మాణం మాత్రం పూర్తిగా వేరు. మొదటిది సొంత బైనరీ పద్ధతి. రెండోది జిప్ ఫైలు, అందులో జేసన్ అనే ఫార్మాట్‌లో సూచీ, పార్కెట్ అనే ఫార్మాట్‌లో పట్టికలు ఉంటాయి. పాత వెర్షన్ మాత్రమే తెలిసిన ప్రోగ్రామ్ కొత్తదాన్ని చదవలేదు. పాతదాన్ని కొత్తదిగా మార్చే సాధనం ఉంది. పంపేముందు అవతలివాళ్లు ఏ వెర్షన్ చదవగలరో అడిగితే సరిపోతుంది.

ఇక చివరి హెచ్చరిక, "ఓపెన్ అంటే డేటా అందరిపాలు." ఓపెన్ అయినది ఫైలు రాసే పద్ధతి. దాని స్పెసిఫికేషన్, లైబ్రరీల కోడ్ ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద అందరికీ దొరుకుతాయి. మీ ఫైలు మీరు ఇస్తేనే ఇంకొకరికి చేరుతుంది. ఈ భయం పెట్టి జనాన్ని మళ్లీ ఒకే కంపెనీ ఫార్మాట్‌కు కట్టిపడేయడం నాకు బాధగా ఉంది. ఎందుకంటే ఓపెన్ కావడం వల్ల వచ్చే లాభం అందాల్సింది ఖరీదైన లైసెన్సులు కొనలేని వాళ్లకే. పైథాన్ వచ్చిన డిగ్రీ విద్యార్థి నల్గొండలో కూర్చుని పైసా ఖర్చు లేకుండా ఓఎంఎఫ్ ఫైలు తెరిచి చూడొచ్చు. 2003లో పెద్దగట్టు యురేనియం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అలాంటి చోట ఊరి వాళ్లు అడగాల్సినవి గని ఎంత లోతు, నీళ్లు ఎటు పోతాయి, నాగార్జునసాగర్ జలాశయం ఎంత దూరం అన్న రకం ప్రశ్నలే. అవన్నీ త్రీడీ మోడల్ చూసి జవాబు చెప్పాల్సినవి. ఇలాంటి సభలకు నివేదికతో పాటు ఓఎంఎఫ్ ఫైలు, దాని వెనకున్న బోర్ల పట్టికలు కూడా పెట్టమని అడగాలి. ఇస్తారా ఇవ్వరా అన్నది డేటా చేతిలో ఉన్నవాళ్ల ఇష్టాన్ని బట్టే ఉంటుంది, దానికి ఫార్మాట్ అడ్డు కాదు.