దెబ్బకి పొలం మట్టి పూయమని పంపేవాళ్లకి

మా పర్లాకిమిడి, గుణుపురం తెలుగు గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరగని రోజు లేదు. అమెరికాలో కాలేజీ పిల్లలు మట్టిలోంచి వేల కొత్త వైరస్‌లు పుట్టించారట, రేపు ఇంకో కరోనా అదేనట, అవి క్రిముల్ని ఇంకా విషంగా మారుస్తాయట, అయినా బాక్టీరియాని చంపుతాయి కాబట్టి దెబ్బకి పొలం మట్టి పూస్తే టీటీ సూది అక్కర్లేదట! పంపుతున్నది మా పిన్నులూ బావలే, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

పుట్టించిందేమీ లేదు. 2008లో అమెరికాలోని హోవర్డ్ హ్యూజెస్ వైద్య పరిశోధన సంస్థ మొదలుపెట్టిన కార్యక్రమంలో మొదటి ఏడాది విద్యార్థులు కాస్త మట్టి తెచ్చి, ద్రవంలో కలిపి, బాక్టీరియా దూరలేనంత సన్నటి ఫిల్టర్‌లో వడకట్టి, టీబీ క్రిమికి చుట్టమైన ఒక బాక్టీరియాతో కలిపి ప్లేటులో పోస్తారు. ఒకటి రెండు రోజులకి ప్లేటంతా మబ్బుగా పొర కడుతుంది. మట్టిలో ఫేజ్, అంటే బాక్టీరియాని పట్టి చంపే వైరస్, ఉంటే ఆ పొరలో అక్కడక్కడ గుండ్రంగా తేటపడుతుంది. మట్టిలో ఎప్పటినుంచో ఉన్నదాన్నే చూశారు.

కరోనా భయం అనవసరం, ఫేజ్‌లు బాక్టీరియాలోనే పెరుగుతాయి, మన పేగుల్లోనూ కోట్లకొద్దీ ఉన్నాయి.

విషం సంగతి మాత్రం కొంత నిజమే. కలరా క్రిమికి విషం తయారుచేసే జన్యువులు ఒక ఫేజ్ మోసుకొచ్చినవే, డిఫ్తీరియాదీ అదే కథ. అందుకే మందుగా వాడేముందు ఫేజ్ జన్యువులన్నీ చదివి చూస్తారు.

ఇక మట్టి పూయడం. ఇది ప్రాణం మీదికి తెచ్చే సలహా. నాట్లప్పుడూ కోతలప్పుడూ కొడవలి తెగని చెయ్యి ఉంటుందా, చెప్పులేసుకుని పొలంలో దిగేవాళ్లెంతమంది? ధనుర్వాతం క్రిమి ఉండేది ఆ మట్టిలోనూ పేడలోనూ, ఏళ్ల తరబడి చావకుండా. గాలి తగలని లోతు గాయంలో పడితే విషం తయారుచేస్తుంది, పైన గాయం మానినట్టు కనిపించాక కూడా దవడ బిగుసుకుపోవచ్చు. ఒక్కో ఫేజ్ ఏవో కొన్ని రకాల బాక్టీరియానే పట్టుకుంటుంది, మీ పొలంలోది ఈ క్రిమిని చంపుతుందని ఎవరు చూశారు?

ఫేజ్‌లతో వైద్యం లేదనను. మందులకి లొంగని ఇన్ఫెక్షన్‌తో లండన్ ఆసుపత్రిలో వైద్యం పొందిన ఒక అమ్మాయికి మూడు ఫేజ్‌లు ఇస్తే బాగా మెరుగుపడిందని 2019లో ప్రచురించారు. వాటిలో ఒకటి దక్షిణాఫ్రికాలో కుళ్లిన వంకాయ మీద దొరికిందే. కానీ ఆమె క్రిమి మీద పనిచేసేవేవో ముందు ల్యాబులో వెతికారు, రెండింటి జన్యువులు మార్చారు, శుద్ధి చేసి నరంలోకి ఎక్కించారు. కుళ్లిన వంకాయ తెచ్చి ఎవరూ పూయలేదు.

దెబ్బ తగిలితే సబ్బూ నీళ్లతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీకి వెళ్లి టీటీ గురించి అడగండి. ఆ మెసేజ్ ఏ గ్రూపులో పెట్టారో అదే గ్రూపులో తప్పని రాయండి.