డ్యాట్ టేపు డిజిటలే కదా అని ఊరుకుంటే పాట పోతుంది

తిరుపతి, చిత్తూరు సంగీతం గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. డ్యాట్ అంటే డిజిటల్ ఆడియో టేపు, పాటను అంకెలుగా మార్చి దాచే చిన్న క్యాసెట్. ఈ టేపుల్లో ఉన్నది డిజిటల్ రికార్డింగ్ కాబట్టి అవి చెడిపోవట, తొందరేమీ లేదట. డిజిటల్ అవుట్‌కి కాపీ లాక్ ఉంటుంది కాబట్టి డెక్ (టేపు ప్లేయరు) హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి లాప్‌టాప్ మైక్ సాకెట్‌కి వైరు వేసి రికార్డు చేసుకుంటే చాలట. డెక్ లేకపోతే కంప్యూటర్ డేటాను టేపు మీద దాచే బ్యాకప్ డ్రైవ్‌లో టేపు పెట్టినా చదువుతుందట. కంప్యూటర్‌లోకి 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కిస్తే క్వాలిటీ పెరుగుతుందట. ఎక్కించాక టేపు పారేయొచ్చట.

పంపినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఇది నమ్మి పని మొదలుపెడితే నష్టం పెద్దది. నా దగ్గరికి వచ్చే టేపుల్లో అన్నమయ్య కీర్తనల కచేరీలు ఉంటాయి, ధర్మరాజుల గుళ్ల దగ్గర 18 రోజుల భారతంలో మధ్యాహ్నం పూట చెప్పిన హరికథలు ఉంటాయి. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. చాలావాటికి రెండో కాపీ కూడా లేదు.

మొదటిది, చెడిపోవు అన్న మాట. డ్యాట్‌లో పాట అంకెల రూపంలో ఉన్నా ఆ అంకెలు ఉండేది టేపు మీదే. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని వెడల్పు, దాని మీద ఏటవాలుగా సన్నని గీతలు. వాటిని చదవడానికి హెడ్‌లు బిగించిన డ్రమ్ము డెక్‌లో నిమిషానికి 2000 సార్లు తిరుగుతుంది. నవంబరు వానల్లో తేమ పట్టి బూజు వచ్చిన టేపు, మే నెల ఎండలో బీరువా పైన మగ్గిన టేపు ఆ డ్రమ్ముకు సరిగ్గా అతుక్కోవు. ఏసీ గదిలో ఉన్న టేపునీ డెక్‌నీ ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే డ్రమ్ము మీద చెమ్మ పడుతుంది. చాలా డెక్‌లు అది గమనించి పని ఆపేస్తాయి. అలాంటప్పుడు బలవంతం చేయకుండా గంటో రెండు గంటలో ఆగాలి.

టేపు చెడిపోతున్న సంగతి మన చెవికి ముందుగా తెలియదు. ఇదే అన్నిటికంటే ప్రమాదం. మామూలు క్యాసెట్ పాడవుతుంటే బుస్సుమనే శబ్దం పెరుగుతుంది, స్వరం మసకబారుతుంది. డ్యాట్ అలా కాదు. తప్పు చదివిన అంకెలను డెక్ తనే లెక్కకట్టి సరిచేస్తుంది. సరిచేయలేకపోతే అటూ ఇటూ ఉన్న విలువలను చూసి మధ్యలోది ఊహించి పూరిస్తుంది. అదీ కుదరకపోతే శబ్దమే ఆపేస్తుంది. మొదటి రెండు దశల్లో వినేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. నిన్నటిదాకా శుభ్రంగా పాడిన టేపు ఇవాళ ముక్కలు ముక్కలుగా వినిపించేది ఇందుకే.

టేపు బాగున్నా డెక్ దొరకాలి. 1987లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన ఈ పద్ధతికి 2005లో సోనీయే డెక్‌ల తయారీ ఆపేసింది. హెడ్‌లు అరుగుతాయి, టేపును లాగే రబ్బరు రోలర్లు గట్టిపడతాయి, విడిభాగాలు దొరకవు. తొందరేమీ లేదనడం ఎంత తప్పో ఈ ఒక్క విషయంలోనే తెలుస్తుంది.

ఇక వైరు సంగతి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీస్తే డెక్ అంకెలను శబ్దంగా మారుస్తుంది, లాప్‌టాప్ ఆ శబ్దాన్ని మళ్లీ అంకెలుగా మారుస్తుంది. మధ్యలో లాప్‌టాప్ మైక్ సర్క్యూట్ తన రొద కలుపుతుంది. చాలా లాప్‌టాప్‌ల మైక్ సాకెట్ మోనోయే కాబట్టి, ఒక పక్క మృదంగం, ఇంకో పక్క వయొలిన్ అని విడిగా తీసిన రికార్డింగు ఒకే ముద్ద అవుతుంది. డెక్ వెనక డిజిటల్ అవుట్ ఉంటుంది. ఒక గుండ్రటి పిన్నుకి 75 ఓమ్‌ల కేబుల్ పెట్టినా, ఆప్టికల్ కేబుల్ పెట్టినా, స్టూడియో డెక్‌లకు ఉండే మూడు పిన్నుల సాకెట్ వాడినా పర్వాలేదు. దాన్ని డిజిటల్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అంటే కంప్యూటర్‌లోకి శబ్దాన్ని పంపే పరికరానికి, కలిపితే డెక్ చదివిన అంకెలే కంప్యూటర్‌లోకి వస్తాయి.

కాపీ లాక్ భయం అనవసరం. ఇళ్లలో వాడే డెక్‌లలో పెట్టిన ఆ ఏర్పాటు కాపీకి మళ్లీ డిజిటల్ కాపీ తీయకుండా ఆపడానికి. మొదటి కాపీని అది ఆపదు. పైగా చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లు దాన్ని పట్టించుకోవు.

కేబుల్ పెట్టాక రెండు సెట్టింగులు చూడకపోతే మాత్రం ఇంత చేసీ లాభం లేదు. ఇంటర్‌ఫేస్ అంకెలు అందుకునే వేగాన్ని నడిపే తన లోపలి గడియారాన్ని వదిలి డెక్ గడియారాన్ని అనుసరించాలి, అంటే సింక్‌ను ఎక్స్‌టర్నల్‌లో పెట్టాలి. లేకపోతే ఉండుండి టిక్ టిక్‌మనే శబ్దాలు పడతాయి. టేపు తప్పేమో అని అప్పుడు అనవసరంగా దాన్ని అనుమానిస్తాం.

రెండో సెట్టింగు శాంపుల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి అంకెగా రాశారన్న లెక్క. 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48 వేల సార్లు. డ్యాట్ టేపులు 48, 44.1, 32 కిలోహెర్ట్జ్‌లలో దేనిలోనైనా ఉండొచ్చు. మన దగ్గర కచేరీలు ఎక్కువగా 48లో తీశారు. ఆ అంకెలను 44.1 అని రాసుకున్న ఫైలులో పడేస్తే గంట కచేరీ 65 నిమిషాల 18 సెకన్లు అవుతుంది. రెండు శ్రుతిలో పాడిన పాట ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఎక్కడో పడుతుంది, కాలప్రమాణం కూడా జారుతుంది. ఆ ఫైలు విని నేర్చుకునే పిల్లలకు ఆ విద్వాంసుడి గొంతు, ఆయన నడక రెండూ తప్పుగా అందుతాయి. వినేవాళ్లకు అనుమానం కూడా రాదు, ఎందుకంటే తంబురా కూడా పాటతో పాటే కిందికి దిగుతుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టే తప్పు ఇది. టేపు పెట్టగానే డెక్ మీద ఏ అంకె వెలిగిందో చూసి కంప్యూటర్‌లో అదే పెట్టాలి.

పొడుగాటి హరికథలకు కొందరు ఎల్‌పీ మోడ్, అంటే క్వాలిటీ తగ్గించి ఎక్కువసేపు రికార్డు చేసే పద్ధతి, వాడారు. 120 నిమిషాల టేపులో నాలుగు గంటలు పడుతుంది, 32 కిలోహెర్ట్జ్, 12 బిట్లు. అన్ని డెక్‌లూ దీన్ని చదవవు కాబట్టి ఖాళీ టేపు అని నిర్ధారించే ముందు ఇంకో డెక్‌లో పెట్టి చూడాలి.

బ్యాకప్ డ్రైవ్ మాట సగం నిజం. అవి డ్యాట్ నుంచి పుట్టినవే, క్యాసెట్ కూడా ఒకేలా ఉంటుంది. కానీ ప్రత్యేకమైన ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్న కొన్ని పాత మోడళ్లు తప్ప మిగతావి ఆడియో టేపును చదవలేవు.

96 కిలోహెర్ట్జ్‌లో పెడితే టేపులో లేనిది రాదు, ఫైలు సైజు రెట్టింపవుతుంది, అంతే. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో గంటకు సుమారు 691 ఎంబీ. వచ్చింది వచ్చినట్టుగా వేవ్ ఫైలుగా దాచి, దాని కాపీ మీద ఎడిటింగ్ చేయాలి. ఎడిటింగ్ ప్రాజెక్టును 24 బిట్లలో గానీ 32 బిట్ ఫ్లోట్‌లో గానీ పెట్టుకోవడం మంచిదే. వాల్యూమ్ మార్చినప్పుడు, ఫేడ్లు వేసినప్పుడు లెక్కల్లో వచ్చే చిన్న తేడాలకు అక్కడ చోటు ఉంటుంది.

టేపు పారేయడం గురించి ఆలోచించే ముందు ఎక్కించింది సరిగ్గా ఎక్కిందో లేదో తెలియాలి. దానికి మంచి పద్ధతి ఉంది. టేపును ముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాలి, బిగువు సమం అవుతుంది. తర్వాత రెండుసార్లు ఎక్కించాలి, వీలైతే రెండోసారి వేరే డెక్ మీద. ఎడిటర్‌లో ఆ రెండు ఫైళ్లనూ ఒక్క శాంపుల్ కూడా తేడా లేకుండా పక్కపక్కన పేర్చి, ఒకదాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి (ఇన్వర్ట్ చేసి) రెండోదానితో కలపాలి. రెండూ ఒకటే అయితే పూర్తి నిశ్శబ్దం వస్తుంది. డెక్ ఊహించి పూరించిన చోట చిటుక్కుమని ఏదో మిగులుతుంది. ఆ చోటుకు వెళ్లి రెండిట్లో ఏది బాగుందో చూసి అది తీసుకోవచ్చు. ఒకే డెక్ మీద రెండుసార్లూ ఒకే తప్పు జరిగితే ఇది పట్టుకోలేదు, అందుకే రెండో డెక్ అడుగుతున్నాను.

తప్పులు ఎక్కువ ఉంటే హెడ్ శుభ్రం చేయించి మళ్లీ పెట్టాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ టేపును రికార్డు చేసిన డెక్ ఎవరి దగ్గరుందో వెతకాలి. అలైన్‌మెంట్, అంటే టేపు, హెడ్‌ల అమరిక, తప్పిన డెక్ మీద తీసిన టేపు ఆ డెక్ మీదే బాగా పాడుతుంది. టేపును దాచమనేది ఈ కారణం చేతే. ఇవాళ చదవని చోటు రేపు మంచి డెక్ మీద చదవొచ్చు.

ఎక్కించిన ఫైలు పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టండి. టేపు అట్ట మీద రాసి ఉన్నదంతా, శాంపుల్ రేటు, వాడిన డెక్, అనుమానం ఉన్న చోట్ల సమయాలు అందులో రాయండి. డెక్ చూపించే స్టార్ట్ ఐడీలు, అంటే ఏ కీర్తన ఎక్కడ మొదలైందన్న గుర్తులు, వేవ్ ఫైలులోకి వాటంతట అవి రావు కాబట్టి వాటిని కూడా చూసి రాసుకోవాలి. తర్వాత ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి వేరే ఇంట్లో ఉంచండి.